రెండు వేళ్ల వదులు

చలి వెనక్కి తగ్గి, కిటికీలు మళ్లీ బార్లా తెరుచుకునే రోజులు వచ్చాయంటే టైలరమ్మకు పూనకం వచ్చినట్టే. బీరువాలో బట్టలన్నీ డాబా మీదికి చేరవేసి ఎండ తగలనిస్తుంది. కుట్టుమిషనుకు నూనె వేస్తుంది, కత్తెరకు సాన పట్టిస్తుంది. ఆ తర్వాత కొత్త గుడ్డ పరిచి, తన ఒంటికంటే బాగా బిగువైన కొలత పెట్టి, తనకోసం ఒక గౌను కుట్టుకుంటుంది. మనమంతా కొత్త సంకల్పాలు నోటితో చెప్పుకుని మరిచిపోతాం. ఆమె గుడ్డ మీద చెప్పుకుంటుంది, అంతే తేడా. ఏడాది తిరిగేసరికి ఆ గౌనులో దూరి తీరాలని ఆమె పట్టుదల.

ఒక్క ఏడూ దూరింది లేదు.

ఇదంతా పాట కోసం. వీధి చివర గ్రంథాలయం మేడ మీద ఒక పాటల బృందం ఉంది. వాళ్లు ఏడాదికి ఒక్కసారే, చలి పోయాక వచ్చే తొలి ఆదివారం సాయంత్రం, కొత్తవాళ్లను చేర్చుకుంటారు. టైలరమ్మ గొంతు సంగతి వీధి వీధంతటికీ తెలుసు. ఆమె మిషను తొక్కుతూ పాడుతుంటే, బట్టలు చేతికొచ్చినా జనం కొట్టు వదిలి కదలరు. అయినా సరే, "వేదిక మీద నిలబడాలి కదా, కాస్త సన్నబడ్డాక వెళ్తాను" అంటూ ఆ ఆదివారాన్ని ఏటా దాటేస్తూ వచ్చింది. ఈ ఏడూ ఆ రోజు రానే వచ్చింది. కిందటేడు కుట్టుకున్న నీలం గౌను తల మీదుగా దిగి, చంకల దగ్గర ఆగిపోయింది.

"ఏమండీ, లాగండి!" అని గౌను లోపలినుంచి కేక వినిపించింది.

"ఎటు? పైకా, కిందికా?"

వాళ్లాయన బస్సు డ్రైవరు. ఇరుకు సందులోంచి బస్సును వెనక్కి తీసినంత జాగ్రత్తగా గౌనును పైకి లాగాడు. గౌను వచ్చింది గానీ, ఆమె మొహం మాడిపోయింది.

"వచ్చే ఏడు చూద్దాం లెండి. ఈసారి ఇంకా బిగువుగా కుడతాను," అంది.

"అమ్మాయ్, ఓసారి పైకి రా!" డాబా మీదినుంచి అత్తగారు పిలిచింది. కొట్లో హుక్కులూ బొత్తాలూ కుట్టే పని ఆవిడదే. చూపు కాస్త మందగించింది గానీ నోటికి ఏ లోటూ లేదు.

టైలరమ్మ నీలం గౌను భుజాన వేసుకుని మెట్లెక్కింది. తాడు మీద ఎర్రది, పచ్చది, ఊదాది, పాత సంకల్పాలన్నీ వరసగా వేలాడుతున్నాయి.

"రంగు వెలిసిపోకుండా తిరగేసి ఆరేస్తున్నానా, ఇది కనబడింది. ఏమిటిది?" అంటూ అత్తగారు ఎర్ర గౌను పక్క కుట్టు చూపించింది. కుట్టు లోపల రెండు వేళ్ల వెడల్పున గుడ్డ మడిచి ఉంది.

"వదులు అత్తయ్యా. పిల్లలు ఎదుగుతారని, పెద్దవాళ్లు ఒళ్లు చేస్తారని అందరికీ వదుల్తాను కదా."

"మరి నీకెందుకు వదిలావు? నువ్వు చిక్కిపోతానని కదా కుట్టుకుంది!"

టైలరమ్మ ఎర్రది అత్తగారి చేతిలోంచి లాక్కుని చూసింది. గబగబా పచ్చది తిరగేసింది, ఊదాది తిరగేసింది, భుజం మీది నీలంది లాగి చూసింది. అన్నిటికీ అటూ ఇటూ రెండేసి వేళ్లు. తప్పించుకునే దారి లేకుండా కత్తిరించాననే ఇన్నేళ్లూ అనుకుంది. చెయ్యి మాత్రం తన అలవాటు మానలేదు.

"నువ్వు నిన్నెంత తిట్టుకున్నా నీ చెయ్యి నీ పక్షానే ఉందే, పిచ్చి మొహమా! ఇంతకీ నీకు కావాల్సింది పాడటమా, చిక్కటమా?"

"పాడటమే అత్తయ్యా."

"మరి పాడేది నడుముతోనా?"

టైలరమ్మకు ముందు ఏడుపొచ్చింది. ఇన్నేళ్లూ తనను తానే గడప బయట నిలబెట్టుకుంది కదా అని. ఆ వెంటనే, విప్పేందుకు కుట్టు తన చేతిలోనే ఉందని తోచి పట్టరానంత సంతోషం వేసింది. అత్తాకోడళ్లు ఒకరినొకరు పట్టుకుని పగలబడి నవ్వారు.

ఇక ఇల్లంతా హడావుడే. టైలరమ్మ నీలం గౌను కుట్లు విప్పి, వదులు లాగి, మిషను మీద పరుగులు పెట్టించింది. డ్రైవరు సూదిలో దారం ఎక్కించబోయి, "జనాన్నయితే ఎంతమందినైనా ఎక్కిస్తాను గానీ ఇది నా వల్ల కాదు," అని చేతులెత్తేశాడు. అత్తగారు తడుముకుంటూనే వెనక నడుము దగ్గర హుక్కు కుట్టేసింది. ఈసారి గౌను ఎక్కడా ఆగకుండా జారి ఒంటికి అమరింది.

గ్రంథాలయం మేడ మీద కుర్చీలన్నీ నిండిపోయాయి. అత్తగారూ డ్రైవరూ వెనక బెంచీలో సర్దుకున్నారు.

"పొట్ట నిండా ఊపిరి తీసుకుని మొదలుపెట్టండమ్మా," అన్నాడు పాటల మాస్టారు.

టైలరమ్మ అలాగే తీసుకుంది. కుట్లు ఎక్కడా పట్టలేదు. మిషను దగ్గర పాడుకునే పాటే అందుకుంది. మొదటి చరణానికే గదిలో గుసగుసలు ఆగిపోయాయి. పాట పై స్థాయికి చేరుతుండగా నడుము వెనక టప్పుమని చప్పుడైంది. హుక్కు ఊడి ఎగిరి నేల మీద పడింది.

"ఊడింది మా కోడలి కుట్టు కాదు, నా హుక్కు!" అని వెనక బెంచీలోంచి అత్తగారు అరిచింది. "తొందరలో ఒంటి పోగుతో కుట్టాను!"

గదంతా గొల్లుమంది. కిందటేడైతే టైలరమ్మ సిగ్గుతో చచ్చిపోయి, ఆ మెట్లు మళ్లీ ఎక్కేదే కాదు. ఇప్పుడు అందరికంటే గట్టిగా తనే నవ్వింది. మాస్టారు కళ్లు తుడుచుకుంటూ బృందం ముందు వరసలో చోటు చూపించాడు. ఆమె వెళ్లి అక్కడ నిలబడి, ఇందాకటికంటే పెద్ద ఊపిరి తీసుకుని, పాట మొదటినుంచి ఎత్తుకుంది.