మామయ్య మూడు వేళ్ళు

పెళ్ళయిన మూడో నెలలో నాకు ఏం చూసినా నవ్వొచ్చేది. మా ఆయన చెప్పులు నా చెప్పుల పక్కన ఉన్నా ఆనందమే, ఇద్దరి తువ్వాళ్ళూ ఒకే తీగ మీద ఆరుతున్నా ఆనందమే. "నీకు నవ్వడానికి కారణం అక్కర్లేదా?" అనేవాడు మా ఆయన. ఆ కారణం నువ్వేనంటే నెత్తికెక్కుతాడని చెప్పేదాన్ని కాదు.

మా మామయ్య నాడి చూసే వైద్యుడు. అత్తయ్య మా పెళ్ళికి ముందే పోయారు. ఇంటి ముందు గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడ పొడుగునా మూలికల సీసాలు. మగవాళ్ళకి కుడి చెయ్యి, ఆడవాళ్ళకి ఎడమ చెయ్యి చూస్తారు. మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి కళ్ళు మూసుకుంటారు. చూపుడు వేలి కింద వాతం, మధ్య వేలి కింద పిత్తం, ఉంగరపు వేలి కింద కఫం.

"ఒంట్లో ఏది పరిగెడుతోందో, ఏది చతికిలబడిందో ఇక్కడే తెలిసిపోతుంది తల్లీ" అనేవారు.

రోగిని ఒక్క ప్రశ్న కూడా అడగరని ఆయనకి పేరు. నేను కాపురానికి వచ్చిన మర్నాడు నా చెయ్యి పట్టుకుని, "నిన్న పులుపు తిన్నావు, సరిగా నిద్రపోలేదు, లోపల్లోపల నవ్వుకుంటున్నావు" అన్నారు. నేను సిగ్గుతో వంటింట్లోకి పారిపోయాను.

ఎదురింటి మేడ మీద చైనా పద్ధతిలో సూదుల వైద్యం చేసే ఆవిడ ఉంటుంది. మామయ్య పెట్టిన పేరు సూదులమ్మ. ఆవిడ కిటికీలో, ఈయన గుమ్మంలో నిలబడి పొద్దున్నే మొదలుపెట్టేవారు.

"శక్తి పన్నెండు దారుల్లో పోతుందంటారే, ఒక్క దారి చూపించండి చూద్దాం!"

"ముందు మీ వాతాన్ని సీసాలో పట్టి చూపించండి. ఆనక చూపిస్తా!"

ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా ఆవిడ ఆయన మాటకి సరేననలేదట. నేను టీ కప్పు పట్టుకుని, సినిమాకి వచ్చినదానిలా మెట్టు మీద కూర్చునేదాన్ని.

ఈమధ్య మామయ్య రోగుల్ని ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు. ఆకలేస్తోందా, నిద్ర పడుతోందా, ఎప్పట్నుంచి ఈ నీరసం? పెద్దవయసు, కబుర్లు ఎక్కువయ్యాయి అనుకున్నాను.

ఒకరోజు సూదులమ్మ గొడుగు తిరిగిచ్చేద్దామని మేడ మెట్లెక్కాను. తలుపు ఓరగా తీసి ఉంది.

"తెలుస్తోందా?"

"లేదు."

"ఇప్పుడు?"

"లేదమ్మా."

మామయ్య కుడి చెయ్యి బల్ల మీద వెల్లకిలా ఉంది. మూడు వేళ్ళ కొనల్లోనూ సూదులు. మధ్య వేలి మీద చిన్న నెత్తుటి చుక్క. ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని, నొప్పి వస్తుందేమోనని ఎదురుచూస్తున్నారు.

నన్ను చూసి, "రా తల్లీ, దొంగ దొరికిపోయాడు" అన్నారు. నాకు నవ్వు రాలేదు.

షుగరు వల్ల వేలి కొనల్లో స్పర్శ పోయిందట. పెద్దాసుపత్రిలో ఇక రాదన్నారట. రెండు నెలలు చూద్దామని సూదులమ్మ మొదలుపెట్టింది. ఇంకో వారమే మిగిలింది.

"రాకపోతే మామయ్యా?"

"గది మూసేస్తాను. ఇన్నాళ్ళూ అడిగి నెట్టుకొచ్చాను. తెలియకుండా తెలిసినట్టు చెయ్యి పట్టుకోవడం మోసం కదమ్మా. మీ ఆయనకి ఇప్పుడే చెప్పకు, బెంగపెట్టుకుంటాడు."

మా ఆయన దగ్గర నేను దాచిన మొదటి విషయం అదే. ఆ వారమంతా మామయ్య ఆ మేడ దిగి వచ్చి చెప్పులు విడుస్తుంటే మొహంలోకి చూసేదాన్ని. ఆయన తల అడ్డంగా ఊపి లోపలికి వెళ్ళిపోయేవారు.

ఆఖరి రోజు నన్నూ పిలిచారు. మెట్లు పరిగెత్తుకుంటూ ఎక్కాను. గుండె దడదడలాడుతుంటే సంతోషం వేసింది. ఇంత గట్టిగా కొట్టుకుంటే రాయికైనా తెలుస్తుందిలే అనుకున్నాను.

మామయ్య నా ఎడమ మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించారు. కుడి మణికట్టు సూదులమ్మ పట్టుకుంది. వాళ్ళ పద్ధతిలో ఎవరికైనా రెండు చేతులూ చూస్తారు.

"కొట్టుకున్నప్పుడల్లా ఊఁ అనండి" అంది.

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత, "ఊఁ" అన్నారు. కాసేపాగి, "ఊఁ." మళ్ళీ, "ఊఁ." నిదానంగా, తీరిగ్గా నడిచే మనిషి అడుగుల్లా. ఆయన ఒక్కో ఊఁకీ నా గుండె రెండుసార్లు కొట్టుకుంటోంది. నా చెవుల్లో నాకే వినిపిస్తోంది. ఆయన ఊఁతో కలుస్తుందేమోనని ఊపిరి బిగబట్టాను. గుండె వింటేనా!

సూదులమ్మ నా వంక చూసింది. నేను తల దించుకున్నాను.

మామయ్య కళ్ళు తెరిచారు. "సరిపోయిందా?"

"సరిపోయింది" అంది ఆవిడ. "మీరు చెప్పిందే కరెక్టు."

ఆయన ఆవిడ మొహంలోకి చూస్తూ ఉండిపోయారు.

"మీరు నాతో ఒప్పుకున్నారంటే, అయిపోయినట్టే సూదులమ్మా."

ఆవిడ నా చెయ్యి వదిలి, సర్దిన సూదులనే మళ్ళీ సర్దడం మొదలుపెట్టింది.

మర్నాడు పొద్దున ఒక దర్జీ వచ్చి, అలవాటుగా చొక్కా కుడి చెయ్యి మడిచి కూర్చున్నాడు. మామయ్య కూర్చోలేదు.

"ఎదురింటి మేడ మీదకి వెళ్ళు నాయనా."

"సూదులతో బతికేవాణ్ణే గానీ, నాకు గుచ్చితే భయమండీ. మీరు ఇలా పట్టుకుంటే చాలు."

"ఆవిడా ముందు చెయ్యే చూస్తుంది" అన్నారు మామయ్య. గుమ్మంలోకి వచ్చి, వీధంతా వినపడేలా గొంతు పెంచారు. "నాకన్నా బాగా చూస్తుంది!"

సూదులమ్మ కిటికీలోనే ఉంది. ఎదురుమాట రాలేదు. మామయ్య కాసేపు అలాగే నిలబడి, లోపలికి వచ్చేశారు.