సంపూర్ణమ్మ వీపు

రోజూ పొద్దున్నే జుబియా, వాళ్ల నాన్న మీరావలి ఇబ్రహీంపట్నంలో ఒకే సిటీ బస్సు ఎక్కేవాళ్లు. మీరావలి గవర్నర్‌పేటలో ఒక హోల్‌సేల్ బట్టల కొట్లో పనిచేస్తాడు. ఆయన అక్కడ దిగిపోయాక జుబియా కిటికీ పక్కకి జరిగి, ఇస్త్రీ చేసిన తెల్ల కోటు ఒళ్లో పెట్టుకుని నర్సింగ్ కాలేజీ దాకా వెళ్లేది. బీయస్సీ నర్సింగ్ రెండో ఏడాది.

కాలేజీలో పొద్దున్నంతా నోట్సు చెప్పేవాళ్లు, పిల్లలు రాసుకునేవాళ్లు. మధ్యాహ్నం పక్కనే ఉన్న ఆస్పత్రిలో పోస్టింగ్. పోస్టింగంటే రోగి దగ్గర నిలబడి పని నేర్చుకోవడమని జుబియా మొదట్లో అనుకుంది. తీరా చూస్తే ఫైళ్లు స్కానింగ్‌కి మోసుకెళ్లడం, కౌంటర్లో టోకెన్లు రాయడం, కరస్పాండెంట్ గారి అతిథులొస్తే గుమ్మం దగ్గర పన్నీరు బుడ్లు పట్టుకుని వరసలో నిలబడడం. ఇంజెక్షన్ చెయ్యడం బత్తాయి కాయల మీద నేర్చుకున్నారు. ఆ కాయలు కూడా ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి.

అలాగని కాలేజీకి బొమ్మ లేక కాదు. ల్యాబులో అద్దాల తలుపుల బీరువాలో నిలువెత్తు ఆడమనిషి బొమ్మ పడుకుని ఉండేది. చేతిలో నరాలు, ఛాతీ మూత తీస్తే గుండె, ఊపిరితిత్తులు, ఏ భాగానికీ లోటు లేదు గనుక మొదటి బ్యాచీ పిల్లలు ఆమెకి సంపూర్ణమ్మ అని పేరు పెట్టారు. ఆ బీరువా తాళం వైస్ ప్రిన్సిపాల్ రమాసుందరి గారి గుత్తిలో ఉంటుంది. సంపూర్ణమ్మ బయటికొచ్చేది ఇన్‌స్పెక్షన్ రోజునే. మిగతా రోజుల్లో అద్దంలోంచి చూసి నేర్చుకోవాలి.

కాలేజీ గుర్తింపు కోసం జరిగే ఇన్‌స్పెక్షన్ దగ్గర పడుతోందని ల్యాబు కడగమన్నారు. అటెండరు ఏసుపాదం గుత్తి తెచ్చి బీరువా తెరిచాడు. జుబియా లోపలంతా తుడుస్తూ, కింద కూడా తుడుద్దామని సంపూర్ణమ్మని పక్కకి తిప్పింది. నడుం కింద ఎముక ఉన్నచోట చర్మం చితికి, ఎర్రగా పుండు పడి ఉంది. అంచుల్లో చెమ్మ.

"బెడ్‌సోర్," అంది జుబియా.

పక్కనున్న శ్రీలలిత తొంగి చూసి, ఏళ్ల తరబడి తిప్పకుండా పడుకోబెడితే రాదా మరి అంది. ఏసుపాదం కూడా పెద్దగా ఆశ్చర్యపడలేదు. ఆ మధ్య మడమకి కూడా పడితే, కనపడకుండా గమ్ము పెట్టి అతికించారని చెప్పాడు.

జుబియా వెళ్లి రమాసుందరి గారికి చెప్పింది. ఆవిడ కాగితాల మీంచి తలెత్తకుండానే విని, అది చాలా ఖరీదైన బొమ్మనీ, పిల్లల చేతులు పడితే పాడైపోతుందనీ, వెనక పౌడరు రాసి దుప్పటి కప్పేస్తే ఇన్‌స్పెక్షన్‌కి సరిపోతుందనీ అన్నారు.

"రెండు గంటలకోసారి తిప్పాలని మీరే చెప్పారు కదా మేడమ్."

"అది పరీక్షలో రాయడానికమ్మా," అన్నారు రమాసుందరి గారు.

ఆ మాట జుబియాకి ఇంటికెళ్లినా మింగుడు పడలేదు. నిజానికి ఆ పిల్ల నర్సింగులో ఇష్టపడి చేరింది కాదు. డాక్టరు సీటు రాలేదని చేరింది, క్లాసులో సగం మంది లాగే. చదువంటే మార్కులనే అనుకుంది ఇన్నాళ్లూ. కళ్లెదుట పుండు పెట్టుకుని పౌడరు రాయమన్న మాట విన్నాక మాత్రం, తనని ఇక్కడ ఎలాంటి మనిషిగా తయారుచేస్తున్నారో మొదటిసారి అర్థమై ఒళ్లు మండిపోయింది.

ల్యాబు కడిగిన రోజున ఏసుపాదం బీరువాకి తాళం వేసినట్టే వేసి వెయ్యకుండా వదిలేశాడు. జుబియా బస్సు దిగగానే ఒకసారి, ఇంటర్వెల్‌లో ఒకసారి, భోజనాలప్పుడు, సాయంత్రం పోస్టింగు నుంచి వచ్చాక సంపూర్ణమ్మని తిప్పేది. పుండు కడిగి డ్రెస్సింగ్ చేసేది. సాయం పట్టమని శ్రీలలితని అడిగితే, తాను జర్మనీ వెళ్లడానికి భాష నేర్చుకుంటున్నాననీ, ఇది ఆయాలు చేసే పననీ అంది. కొన్నాళ్లకి పుండు అంచులు గులాబీ రంగుకి తిరిగాయి. సంపూర్ణమ్మ ముఖం కూడా తేటపడిందని ఏసుపాదం అన్నాడు.

ఒక మధ్యాహ్నం భోజనాల వేళ కరస్పాండెంట్ అచ్యుతరామారావు గారు, కొత్తగా చేరబోయే పిల్లల తల్లిదండ్రుల్ని వెంటబెట్టుకుని ల్యాబు చూపించడానికొచ్చారు. సంపూర్ణమ్మ మోకాళ్ల మధ్య దిండుతో, బీరువాలో గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. ఎవరు ముట్టుకున్నారని అడిగారాయన. నేనేనండీ అంది జుబియా. ఆయన అందరి ముందూ నవ్వి ఊరుకుని, వాళ్లు వెళ్లాక రమాసుందరి గారిని పిలిచారు.

సాయంత్రానికి నోటీసు బోర్డులో ఇంటర్నల్ మార్కులు పెట్టారు. వృత్తి పట్ల వైఖరి అనే పేపర్లో జుబియాకి సున్నా. అందులో పాసవకపోతే హాల్ టికెట్ రాదు. బీరువాకి కొత్త తాళం పడింది.

ఇంట్లో మీరావలి కూతుర్ని బతిమాలాడు. పెద్దవాళ్లతో మనకెందుకు, తప్పయిందని రాసిచ్చెయ్యమన్నాడు.

"ఏం తప్పని రాయను నాన్నా? పేషెంటుని తిప్పానని రాయనా?"

మర్నాడు బస్సు గవర్నర్‌పేట చేరకముందే మీరావలి లేచి తలుపు దగ్గర నిలబడ్డాడు.

ఇన్‌స్పెక్షన్ రోజు ల్యాబులో పూలకుండీలు పెట్టారు. సంపూర్ణమ్మకి పౌడరు రాసి, జుట్టు దువ్వి, కొత్త దుప్పటి గడ్డం దాకా కప్పి మంచం మీద పడుకోబెట్టారు. నాడి చూసే పని శ్రీలలితకి అప్పగించారు, చెప్పాల్సిన మాటలు ముందే బట్టీ పట్టించారు. జుబియాని గోడవార చివరి వరసలో, పొడుగ్గా ఉన్న పిల్లల వెనక నిలబెట్టారు.

ఇన్‌స్పెక్షన్ కమిటీలో వచ్చినవాళ్లలో జ్ఞానేశ్వరి గారని ఒకావిడ, చాలాకాలం ఆస్పత్రుల్లో నర్సింగ్ సూపరింటెండెంటుగా చేసి రిటైరైన మనిషి. ఆవిడ మంచం దగ్గర ఆగగానే శ్రీలలిత సంపూర్ణమ్మ మణికట్టు పట్టుకుంది. అచ్యుతరామారావు గారు గొంతు సవరించుకున్నారు.

"మా పిల్లలు రోజూ ఈవిడ మీదే ప్రాక్టీసు చేస్తారండీ."

సంపూర్ణమ్మ ఒక మోకాలు మడిచింది. ఖాళీగా ఉన్న చెయ్యి చాపి మంచం అంచు పట్టుకుని, నెమ్మదిగా అవతలి పక్కకి తిరిగింది. దుప్పటి జారిపోయింది. వీపంతా బయటపడింది. మడమ మీద గట్టిపడ్డ గమ్ము, నడుం కింద మళ్లీ విచ్చుకున్న పుండు, దాని మీద సగం ఊడి పసుపుపచ్చబారిన డ్రెస్సింగ్.

ఏసీ ఎక్కువైనట్టుంది, దుప్పటి కప్పండని అచ్యుతరామారావు గారు అన్నారు గానీ, కప్పడానికి ఎవరూ ముందుకు రాలేదు. జ్ఞానేశ్వరి గారు కళ్లద్దాలు పెట్టుకుని వంగి చూశారు.

"ఈ డ్రెస్సింగ్ పద్ధతిగా వేశారే. ఎవరమ్మా?"

శ్రీలలిత పట్టుకున్న మణికట్టు ఇంకా వదల్లేదు. బట్టీ పట్టిన మాటల్లో ఈ ప్రశ్నకి జవాబు లేదు. "జుబియా అండీ," అంది. "వెనక నిలబెట్టారు."

జుబియా ముందుకొచ్చింది.

"మానుతున్న పుండు. మధ్యలో ఎందుకు ఆపేశావు?"

"తాళం వేశారండీ."

"ఎందుకని?"

"నా వైఖరి బాలేదని."

జ్ఞానేశ్వరి గారు ఆ మార్కులు తెప్పించి చూశారు. ఆ కాగితం రమాసుందరి గారి ముందు పెట్టారు. ఆవిడ తల దించుకున్నారు. ఒకప్పుడు ఆ ఇద్దరూ ఒకే వార్డులో డ్యూటీ చేశారని పిల్లలకి తర్వాత తెలిసింది.

భోజనాలయ్యాక కాలేజీకి గుర్తింపు ఖాయమైపోయింది. కమిటీలో మిగతా సభ్యులు సంతకాలు పెట్టేశారు. అది విన్నప్పుడు జుబియాకి వచ్చిన కోపం సున్నా చూసినప్పుడు కూడా రాలేదు. కానీ జ్ఞానేశ్వరి గారు మాత్రం, ఆ పిల్ల సున్నా కొట్టేసి బీరువా ల్యాబులోంచి తీయించేదాకా పెన్ను ముట్టనని కూర్చున్నారట. సాయంత్రం నలుగురు మనుషులు బీరువాని మెట్ల మీంచి దించుతుంటే పిల్లలు దారి ఇచ్చి నిలబడ్డారు.

మర్నాడు జుబియా వెళ్లేసరికి ల్యాబులో రమాసుందరి గారు ఒక్కరే ఉన్నారు. హాల్ టికెట్ బల్ల మీద పెట్టి, తీసుకోమన్నట్టు కళ్లతోనే చూపించారు. జుబియా తీసుకుంది గానీ థాంక్స్ చెప్పలేదు. నేరుగా మంచం దగ్గరికెళ్లి సంపూర్ణమ్మ భుజం కింద చెయ్యి పెట్టింది.

వెనక గాజుల చప్పుడైంది. రమాసుందరి గారు గాజులు, వాచీ తీసి కిటికీలో పెట్టి, పైట నడుముకి దోపుకుని మంచానికి అవతలి వైపు వచ్చి నిలబడ్డారు.

"నడుం వంచి ఎత్తకు. మోకాళ్లు మడుచు. పేషెంటు బరువు నీ కాళ్ల మీదికి రావాలి, వెన్ను మీదికి కాదు. ఎత్తే ముందు ఆవిడకి చెప్పు, తిప్పుతున్నామని."

రెండేళ్లలో ఆవిడ నోటు పుస్తకం లేకుండా చెప్పిన మొదటి పాఠం అది. జుబియా కోపం తగ్గలేదు. అయినా మోకాళ్లు మడిచింది.

"తిప్పుతున్నామండీ," అంది సంపూర్ణమ్మతో.