గరగర ఎటువైపు?

టేపు కొస గోడకు ఆనించి, మోకాళ్ల మీద పాకుతూ ఎడమ స్పీకరు దాకా వచ్చాడు టేపు బాబాయ్. స్పీకర్ల షాపులో అందరూ అతన్ని అలాగే పిలుస్తారు. యాంప్లిఫయరు పక్కనే కుడి స్పీకరు. ఎడమది గుమ్మానికి అవతల.

"కుడిదానికి రెండు మీటర్లు చాలవా బాబాయ్? అంత వైరెందుకు?" అంది ఇంటావిడ.

"రెండూ ఒకే పొడుగుండాలమ్మా. మిగిలింది వెనకాల చుట్టి కడతా. కవలపిల్లల్లో ఒకడికి చొక్కా, ఇంకోడికి బనీను తొడుగుతామా?"

ఆవిడ నవ్వింది. సోఫాలో కూర్చున్న షాపు యజమాని నవ్వలేదు. ఆయన ఇళ్లకు రావడమే అరుదు. పోయినవారం బాబాయ్ స్పీకర్లు బిగించిన ఒకరింట్లో కుడి ఎడమలు తారుమారయ్యాయని ఫిర్యాదొచ్చింది. "ఇంకొక్కటి వస్తే నువ్వు ఇంట్లో కూర్చోవడమే" అని పొద్దున్నే చెప్పి మరీ వెంట వచ్చాడు.

చలికాలంలో వచ్చిన జ్వరం బాబాయ్ ఎడమ చెవిని పట్టుకుపోయింది. కుడి చెవితో శబ్దం వినిపిస్తుంది, ఎటునుంచి వస్తోందో తెలియదు. ఆ సంగతి భార్యకొక్కదానికే తెలుసు. బజారులో ఆవిడ అడక్కుండానే అతని ఎడమపక్కకు వచ్చి నడుస్తుంది.

యజమాని చూపు వీపులో గుచ్చుకుంటుంటే బాబాయ్ కొలిచాడు, రెండు వైరు ముక్కలూ కత్తిరించాడు. ఎడమవైపు లాగి చూశాడు. మూరెడు తక్కువ. వైరు గుమ్మం చట్రం మీదుగా ఎక్కి దిగాలన్నది మరిచి నేలబారునే కొలిచాడు. కొత్తగా చేరినవాళ్లు కూడా చెయ్యని తప్పు. యజమానికి ఫోనొచ్చి అటు తిరగగానే ఇంకో ముక్క అతికి, నల్ల టేపు చుట్టి, చట్రం వెనక్కి తోసేశాడు.

పాట పెట్టాడు. బాగానే ఉంది. ఇంతలో సన్నగా గరగర.

"ఎటువైపది?" అడిగాడు యజమాని.

బాబాయ్ చట్రం వైపు చూశాడు. అతుకు ఎడమవైపుంది. గరగర ఇంకెక్కడ ఉంటుంది?

"ఎడమ" అన్నాడు. కుర్చీ ఎక్కి, చట్రం వెనక నుంచి అతుకు బయటికి లాగాడు.

యజమాని లేచి కుడి స్పీకరు వెనక చెయ్యి పెట్టి, వదులైన మర బిగించాడు. గరగర ఆగిపోయింది. తర్వాత బాబాయ్ ఎడమపక్కన నిలబడి మెల్లిగా ఏదో అన్నాడు. బాబాయ్ తిరగలేదు. ఇంటావిడ తల దించుకుంది.

యజమాని నెమ్మదిగా కుడిపక్కకు వచ్చాడు. "ఎప్పట్నుంచి?"

"జ్వరం వచ్చినప్పట్నుంచి."

"నాకు చెప్పొద్దూ?"

"చెప్తే ఉంచుకుంటారా?"

యజమాని అతుకు వంక చూశాడు. "రేపట్నుంచి రావద్దులే బాబాయ్."

బాబాయ్ కుర్చీ దిగి, దాన్ని దాని చోట పెట్టి, సంచీ భుజానికి తగిలించుకున్నాడు. రోడ్డు మీద హారన్లు మోగుతున్నాయి. ఎటునుంచో తెలియక, రెండువైపులా మళ్లీ మళ్లీ చూసుకుంటూ చాలాసేపు అంచునే నిలబడి, చివరికి దాటి వెళ్లిపోయాడు.

లోపల పాట నడుస్తూనే ఉంది. ఎడమ స్పీకరు మీద అతను మరిచిపోయిన కటింగ్ ప్లయరు, డప్పు దెబ్బ పడ్డప్పుడల్లా అదురుతూ, అంచువైపు కొంచెం కొంచెం జరుగుతోంది.