తలుపుల డబ్బు

మూడో సూది కూడా విరిగింది.

మెరూన్ రంగు వెల్వెట్టు నాలుగు మడతలు పడ్డచోట మిషను మూలుగుతూ రెండు కుట్లు వేసి, మూడో కుట్టుకి టప్పుమంది. టైలరమ్మ కాలు ఆపి, విరిగిన ముక్క కోసం బట్టంతా తడిమింది. అది దొరక్కుండా ముందుకు పోవడానికి లేదు. రేపు సాయంత్రం పిల్లలు ఈ తెర పక్కనుంచే వేదిక మీదికి వస్తారు. ఎవరి వేలికో గుచ్చుకుంటుంది.

ఇల్లంతా ఒకటే గది. కిటికీ దగ్గర మిషను, వెనక గోడకి పొయ్యి, మధ్యలో మంచం. ముప్ఫై ఎనిమిది మీటర్ల బట్ట నేలంతా పరుచుకుని, మంచం కిందికి పాకి, గడప దాకా వచ్చింది. అత్తగారు మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని కచ్చా కుట్లు విప్పుతోంది.

"కాలు కింద పెట్టే చోటు లేదు. ఇవాళ వంట మానేసి దీని మీదే దొర్లుదాం. మళ్ళీ జన్మలో దొరుకుతుందో లేదో!" అంది.

టైలరమ్మ నవ్వలేదు. సూది ముక్క దొరికింది. దాన్ని అగ్గిపెట్టెలో వేసి మూత పెడుతుండగా ఫోను మోగింది. పేరెంట్స్ కమిటీ ప్రెసిడెంటు, మందుల షాపాయన.

"ఎందాకా వచ్చింది, టైలరమ్మా?"

"రింగులు కుట్టాలండీ. ఇంకో రెండు గంటలు."

"నాలుగింటికల్లా స్కూలుకి తెచ్చెయ్యి. చెక్కు మీద సంతకం కూడా పెట్టేద్దువుగాని. బట్టల కొట్టువాడు పొద్దుట్నించీ నా ప్రాణం తోడేస్తున్నాడు. నీ కూలి కూడా అందులోదే కదా!"

"అలాగేనండీ" అని ఫోను పెట్టేసింది.

కమిటీ డబ్బు బ్యాంకులో ప్రెసిడెంటు పేరునా, క్యాషియరు పేరునా ఉంటుంది. ఇద్దరి సంతకాలూ పడితేగాని పైసా కదలదు. క్యాషియరు పని ఎవరూ ఒప్పుకోకపోతే రెండేళ్ళ కిందట టైలరమ్మ మెడకి చుట్టారు. ఇరవై, ముప్ఫైల లెక్క కూడా తప్పకుండా రాస్తుందని అందరికీ నమ్మకం. ఈ ఏడాది నలభై ఆరు వేలు పోగయ్యాయి. పాత బట్టల అమ్మకంలో కొంత వచ్చింది. ఎక్కువ భాగం లక్కీ డ్రా టికెట్ల మీద వచ్చింది. ఇంటికో పుస్తకం, పుస్తకానికి పాతిక టికెట్లు, టికెట్టు ఇరవై. అమ్ముడుపోనివి ఆ పిల్లల తల్లిదండ్రులే కొనుక్కోవాలని మొదట్నించీ ఉన్న ఆనవాయితీ.

టికెట్టు మీద 'పాఠశాల సహాయ నిధి' అని అచ్చువేశారు. నోటితో మాత్రం అందరూ చెప్పింది వేరు. ఆడపిల్లల బాత్రూములకి తలుపులు వేయిస్తాం అన్నారు. నాలుగు తలుపులకి, గడియలతో సహా, ఇరవై రెండు వేలవుతుందని వడ్రంగి కాగితం రాసి ఇచ్చాడు. ఆ కాగితం టైలరమ్మ లెక్కల పుస్తకంలోనే ఉంది.

డబ్బు పోగయ్యాక మీటింగు పెట్టారు. కమిటీ పోగుచేస్తుంది, స్కూలుకి ఇస్తుంది, దేనికి వాడాలో స్కూలు చూసుకుంటుంది. అదీ పద్ధతి. "ఇచ్చేవాళ్ళు ఇదిగో దీనికే వాడాలంటే అది సాయం అనిపించుకోదమ్మా, బేరం అనిపించుకుంటుంది" అంది హెడ్మేడమ్, మెత్తగానే. వార్షికోత్సవానికి పెద్ద ఆఫీసరు వస్తున్నాడు. వేదిక బోసిగా ఉంది. ఆయన సంతోషిస్తే రెండు గదులు మంజూరు చెయ్యొచ్చు. "తలుపులు పై సంవత్సరం చూద్దాం. టైలరమ్మ పుణ్యమా అని ఇప్పటికి తెరలున్నాయిగా!"

అందరూ టైలరమ్మ వైపు తిరిగారు. వానకి ఉబ్బి తలుపులు ఊడిపోయినప్పుడు, యూనిఫారాల్లో మిగిలిన నీలం గుడ్డముక్కలు అతికి నాలుగు తెరలు ఉచితంగా కుట్టి ఇచ్చింది ఆమే. అప్పుడు చప్పట్లు కొట్టారు. గుడ్డ చాలక అవి మోకాళ్ళ దాకానే వచ్చాయి. ఆ సంగతి ఆమెకి తెలుసు. ఆమెకున్నది మగపిల్లాడు. ఏడాదిగా ఆ వైపు వెళ్ళి చూసే పని పడలేదు.

"వేదిక తెర కూడా నువ్వే కుట్టాలి. బయటివాళ్ళకి ఇవ్వడం ఎందుకు?" అంది హెడ్మేడమ్. ఏటా రెండు వందల నలభై జతల యూనిఫారాలు టైలరమ్మ చేతికి వచ్చేది ఆ స్కూలు నుంచే. ఆరు నెలల అద్దె, అత్తగారి మందులు అందులోంచే వెళ్తాయి. తెరకి బట్ట ముప్ఫై ఎనిమిది వేలు, తాళ్ళూ రింగులూ మూడు వేలు, కుట్టుకూలి అయిదు వేలు. లెక్క అక్కడికక్కడే సరిపోయింది. టైలరమ్మ తల ఊపింది. మెడకాయ ఇంత కదిలిందేమో. ఆ కాస్త కదలికే పది రోజులుగా ఆమెని పడుకోనివ్వడం లేదు.

"అక్కా, ఉన్నావా?"

గడప అవతల బిస్కెట్లమ్మ చెప్పులు విడుస్తోంది. రెండు వీధుల అవతల ఉంటుంది. బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగు పని. పొద్దుటి షిఫ్టు దిగి నేరుగా వచ్చినట్టుంది, తలకి ఇంకా టోపీ ఉంది.

"అమ్మో! ఇదేంటక్కా, మహారాణికి లంగా కుడుతున్నావా?"

"స్కూలు తెర" అంది టైలరమ్మ.

"ఎవరిచ్చారో గాని మహారాజులు!" బిస్కెట్లమ్మ చెయ్యి చీరకి తుడుచుకుని, బట్ట అంచు ఒకసారి నిమిరింది. "వెన్నముద్దలా ఉంది."

టైలరమ్మ సూదిలోకి దారం ఎక్కిస్తున్నట్టు తల వంచుకుంది. ఎక్కించిన దారాన్నే తీసి మళ్ళీ ఎక్కించింది.

బిస్కెట్లమ్మ సంచిలోంచి విరిగిన బిస్కెట్ల పొట్లం తీసి మంచం మీద పెట్టింది. "మీ వాడికి. మాకు కిలో నలభైకే ఇస్తారు. ఇదిగో, మా దాని స్కర్టు. అంచు దింపాలి. వెదురులా ఎదిగిపోతోంది."

"ఇవాళ స్కూలుకి పోలేదా అది?"

"మూడు రోజులైంది. జ్వరం. పోసేటప్పుడు మంటంటుంది. డాక్టరు నన్ను తిట్టాడక్కా, పిల్లకి నీళ్ళు పట్టించవా అని. సీసా నింపే పంపిస్తాను. సాయంత్రం నిండుగానే తెస్తుంది. మూతకి కట్టిన గుడ్డ కూడా విప్పదు." కిందికి జారిన బట్టని పైకి ఎత్తిపెట్టింది. "ఒకరు లోపలికి పోతే ఒకరు బయట నిలబడి ఆ బాత్రూము తెర పట్టుకోవాలట. దీనికి పట్టుకునే పిల్ల వేరే సెక్షనుకి పోయింది. ఇంక చూస్కో, పొద్దుట్నించీ సాయంత్రం దాకా బిగబట్టుకునే ఉంటుంది."

"మందులిచ్చారా?" అంది అత్తగారు.

"ఇచ్చారు పెద్దమ్మా. మందులకి మూడొందలు, నా కూలి పోయింది ఒక రోజుది నాలుగొందల ఇరవై." రింగుల డబ్బా చూసింది. "ఇవన్నీ నువ్వే కుట్టాలా? అరవై ఉంటాయే! ఇలా ఇయ్యి ఒక సూది."

"వద్దులే, అలిసిపోయి వచ్చావు."

"పొద్దుట్నించీ నిలబడే ఉన్నాను. కూర్చుని చేసే పని నాకు విశ్రాంతే."

కూర్చుంది కూడా. వెల్వెట్టు ఒళ్ళో వేసుకుని, రింగు పెట్టి, నాలుగు చుట్లు తిప్పి ముడి వెయ్యసాగింది. ప్యాకెట్లు అతికించే వేడి రేకులు తగిలి వేళ్ళ కొసలు పొక్కులెక్కి ఉన్నాయి. దారం లాగినప్పుడల్లా చూపుడువేలు కొంచెం పక్కకి జరుపుకుంటోంది.

"తలుపులు ఎప్పుడు పెడతారక్కా? ఫంక్షను అయ్యాకా?"

టైలరమ్మ ఇంకో రింగు తీసుకుంది.

"మా షిఫ్టులో అందరికీ నేనే అమ్మాను. పద్నాలుగు టికెట్లు. మిగతా పదకొండూ నేనే పెట్టుకున్నాను, అది వేరే విషయం. లోడింగులో ఒకామె ఉందిలే, పిల్లల్లేరు. రెండు కొన్నది. 'నాకు ప్రైజూ వద్దు గైజూ వద్దు, ఒక గడియ నా డబ్బుతో వేయించు' అంది. రోజూ అడుగుతుంది, నా గడియ పడిందా అని." నవ్వింది. "ఏ తలుపుదో ఒకటి చూపించి ఇదే నీదని చెప్పాలి."

డబ్బాలో రింగులు తగ్గుతున్నాయి. ఇరవై, పదిహేను. ఆ పొక్కుల వేళ్ళని చూడలేక టైలరమ్మ కళ్ళు కిటికీ వైపు తిప్పుకుంది. అక్కడా ఉండలేక మళ్ళీ ఇటే వచ్చాయి.

"ఇది ఆ డబ్బే" అంది.

"ఏది?"

"ఈ బట్ట. తలుపుల డబ్బుతో కొన్నదే."

బిస్కెట్లమ్మ చెయ్యి ఆగలేదు. పట్టుకున్న రింగుకి మూడో చుట్టు తిప్పింది.

"అంతానా?"

"అంతా."

"నీ కుట్టుకూలి?"

"అదీ అందులోదే."

నాలుగో చుట్టు తిప్పి, ముడి వేసి, దారం పంటితో కొరికింది. సూదిని జాగ్రత్తగా దారపు ఉండకి గుచ్చింది. ఒళ్ళో బట్ట నలగకుండా ఎత్తి పక్కన పెట్టి లేచి నిలబడింది. కోపం ఉందేమోనని టైలరమ్మ ఆ ముఖంలో వెతికింది. ఉంటే బాగుండుననిపించింది.

"మరి ఆమెకేం చెప్పమంటావక్కా? ఆ గడియామెకి?"

"పై సంవత్సరం తప్పకుండా..." అని మొదలుపెట్టి, హెడ్మేడమ్ మాట తన నోట్లోంచి వస్తోందని తెలిసి ఆగిపోయింది.

"పై సంవత్సరానికి నా పిల్ల పెద్దమనిషి అవుతుందక్కా" అని బిస్కెట్లమ్మ చెప్పులు వేసుకుంది. స్కర్టు అడగలేదు, తీసుకోలేదు.

టైలరమ్మ స్కర్టు మడిచి మిషను మీద పెట్టింది.

"ఇప్పుడా చెప్పేది? అంతా కుట్టించుకున్నాకా?" అంది అత్తగారు. బిస్కెట్ల పొట్లం తీసి అందనంత దూరంగా అలమారు మీద పెట్టింది.

మిగిలినవి ఏడు రింగులు. టైలరమ్మ ఏడూ కుట్టింది.

ఆటోలో తెర మూట పక్కన ఇరుక్కుని స్కూలుకి చేరేసరికి నాలుగు దాటింది. ఆఫీసు గదిలో మూట విప్పగానే హెడ్మేడమ్ ముఖం వెలిగిపోయింది. "బంగారం లాంటి చేతులమ్మా నీవి!" మందుల షాపాయన చెక్కు ముందుకి జరిపి, పెన్ను మూత తీసి మరీ అందించాడు. ఆయన సంతకం అప్పటికే పడి ఉంది.

టైలరమ్మ పెన్ను పట్టుకుంది. లెక్కల పుస్తకం తెరిచి, వడ్రంగి కాగితం తీసి చెక్కు మీద పెట్టింది.

"తలుపులకని అడిగి తెచ్చామండీ" అంది. "ముందు ఈ ఇరవై రెండు వేలు పక్కన పెడితే మిగతాదానికి పెడతాను. దీనికి పెట్టను."

"పెట్టకపోతే ఎలా? బట్టల కొట్టువాడికి నేను మాటిచ్చాను. రేపు ఆఫీసరు ముందుకొచ్చి కూర్చుంటాడు వాడు."

"ఈ డబ్బులో నాకొక పైసా లేదమ్మా" అంది హెడ్మేడమ్. అది నిజమని టైలరమ్మకి తెలుసు. ఆ గదిలో ఫ్యాను కూడా ఆమె ఇంటినుంచి తెచ్చుకున్నదే. "స్కూలు కోసమే కదా ఇదంతా! రెండు గదులొస్తే ఎంతమంది పిల్లలకి నీడ!"

"నిజమేనండీ."

"మరి మీటింగులో తల ఊపావే? కుట్టేటప్పుడు లేదా ఈ బుద్ధి?" అన్నాడు మందుల షాపాయన.

"లేదండీ" అంది టైలరమ్మ. "ఊపాను. కుట్టాను. నా కూలి అయిదు వేలూ నాకొద్దు. బట్టల కొట్టుకి తగ్గితే నలుగురినీ పిలిచి చెప్పి, నేనూ ఓ చెయ్యి వేస్తాను. సంతకం మాత్రం పెట్టను."

హెడ్మేడమ్ వెల్వెట్టు అంచుని మడిచి బల్ల మీద పెట్టింది. "పై సంవత్సరం యూనిఫారాల సంగతి కూడా మనం ఇంకోసారి మాట్లాడుకోవాలేమో."

"తెలుసండీ."

లెక్కల పుస్తకం చంకలో పెట్టుకుంది. మూత పక్కన పెన్ను పెట్టేసి బయటికి వచ్చింది.

వరండా దాటి గేటు వైపు పోవలసింది. కాళ్ళు వెనకవైపు తీసుకెళ్ళాయి. వేషాలతో రిహార్సలు జరుగుతున్నట్టుంది, హాల్లోంచి పాట వినిపిస్తోంది. నాలుగు గుమ్మాలకి నాలుగు నీలం తెరలు. తన కుట్టే. అతుకుల దగ్గర రంగు వెలిసింది. అంచులు తడిసి బురద పట్టాయి. మూడోదాని కింద రెండు చిన్న పాదాలు, గజ్జెలతో. గాలికి ఆ తెర ఒక పక్కకి లేచింది. లోపలి చెయ్యి గబుక్కున దాన్ని లాగింది. రెండో పక్క లేచింది.

టైలరమ్మ వెళ్ళి తెర రెండు అంచులూ రెండు చేతులతో గోడకి నొక్కిపెట్టింది.

"ఎవరూ?" లోపలి గొంతులో భయం.

"నేనేనమ్మా, టైలరాంటీని. పట్టుకున్నాలే."

ఆఫీసు గుమ్మంలోంచి మందుల షాపాయన కేక వినిపించింది. "టైలరమ్మా! ఓసారి ఇలా రా! కూర్చుని మాట్లాడుకుందాం!"

గజ్జెలు ఘల్లుమన్నాయి.

"వెళ్ళిపోకండాంటీ!"

"వెళ్ళను" అంది టైలరమ్మ.