నూరు కిలోల తిప్పన్న

ఎనిమిది కిలోల దాకా ముడి సాఫీగానే పడింది. తొమ్మిదోది జేబులో దూర్చేసరికి దట్టీ కొసలు రెండూ ఒకదాని ముఖం ఒకటి చూడనని అలిగి కూర్చున్నాయి. ఓబమ్మ మొగుడి వీపుకు మోకాలు ఆనించి, ఊపిరి బిగబట్టి, లాగి ముడేసింది.

"డాక్టరు దించమన్న బరువు దించుకుంటివి. దించిందంతా మళ్లా నడుముకు కట్టుకుంటివి. తిక్క గాని పట్టిందా నీకు?"

"మెల్లగా మే. పక్కింటోళ్లు ఇంటారు."

"ఇననీ. వాళ్లన్నా బుద్ధి చెప్తారు."

తిప్పన్న దట్టీ కనపడకుండా చొక్కా కిందికి లాక్కున్నాడు. పాత చీర నాలుగు మడతలేసి ఓబమ్మే కుట్టిన దట్టీ అది. చుట్టూ జేబులు. జేబుల్లో సర్కారు ముద్ర కొట్టిన తూకపు రాళ్లు: రెండు కిలోలవి నాలుగు, కిలోది ఒకటి.

కరువు సీమలో బరువు మనిషి తిప్పన్న. ఉరవకొండ వేరుశనగ మండీలో ఇరవై ఏళ్లుగా తూకం వేయడమే అతని పని. కాయకష్టమంటే అక్కడ అక్షరాలా కాయ పండించే కష్టం. అంత కష్టపడి పండించిన కాయ కాటా మీదికి ఎక్కేటప్పుడు రైతుకు గుండె గొంతులోకి ఎక్కుతుంది. డెబ్బై రెండో ఏటి కరువులో, ఎక్కడో తూకపు రాళ్లకు అడుగున బోలు చేశారని ఒక పుకారు పుట్టి, రైతులు ఇనుమును నమ్మడం మానేశారు. అప్పుడెవరో నవ్వులాటకు, "తిప్పన్నను ఎక్కించండప్పా, ఈయప్ప కడుపులో ఏముండాదో అందరికీ తెలుసు, సంకటే కదా!" అన్నారు. నవ్వులాట కాస్తా నలుగురి మాటయింది. నలుగురు రైతులు అతన్ని గుంతకల్లు స్టేషనుకు తీసుకుపోయి పార్సిళ్ల కాటా మీద నిలబెట్టారు. సరిగ్గా నూరు కిలోలు. అప్పటి నుంచి రోజూ పొద్దున తిప్పన్న కాటా ఎక్కాలి, దాని తూకపు కమ్మీ నూరు దగ్గర నిలవాలి, ఆ తర్వాతే మొదటి మూట. మధ్యలో ఏ రైతుకు అనుమానమొచ్చినా మళ్లీ ఎక్కాలి. పదేళ్లుగా అతను తన కోసం తినలేదు, తూకం కోసం తిన్నాడు. అరకిలో తగ్గితే ఇంకో ముద్ద, పెరిగితే ఒక పూట పస్తు.

బరువు పరువు తెచ్చింది. పరువు పుండు తెచ్చింది.

ఎడమ చీలమండ పైన చర్మం మొదట చింతపండు రంగుకు తిరిగింది. తర్వాత నల్లబడి, బిగిసి, నూనె రాసినట్టు మెరిసింది. ఒకరోజు మూట కొస గీరుకుంటే చిన్న గాయమైంది. ఏడాదైనా అది మానలేదు, రూపాయి బిళ్లంత నోరు తెరిచింది. గుంతకల్లు ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పినదాన్ని అతను ఓబమ్మకు తన లెక్కలో చెప్పాడు.

"తోలు కింద వెంట్రుకల మాదిరి సన్న నరాలుంటాయంట. పైన ఇంత బరువుంటే కిందికి దిగిన రక్తం మళ్లా ఎక్కలేక ఆడ్నే నిలుస్తాదంట. నిలిచి నిలిచి, ఆ నరాల్లోనుంచి బయటికి ఊరుతాదంట. నీళ్లు నిలిచిన చేను చవుడు తేలినట్ల. చవుట్లో విత్తనం మొలుస్తాదా? పుండూ అంతే, మానదు. నిలిచిన రక్తం గడ్డకట్టి ఎదకెక్కితే పానానికే మోసమంట. ఒళ్లు తగ్గించు, కాలు ఎత్తి పెట్టుకో అనింది."

ఒళ్లు తగ్గించాడు. ఆరు నెలల్లో తొమ్మిది కిలోలు. వారం వారం కట్టు మార్పించుకోవడానికి పోయినప్పుడు ఆసుపత్రి కాటా ఎంత తగ్గాడని చూపితే అంత ఇనుము అక్కడి నుంచే కొని తెచ్చుకున్నాడు. ఓబమ్మకు తప్ప ఆ మాట ఎవరికీ చెప్పలేదు. నిన్న పుండు అంచున ఎర్రటి కొత్త కండ చూసి డాక్టరమ్మ సంతోషపడింది. "మరి వాపెందుకు తగ్గలేదు? పగలంతా ఏం మోస్తావు?" అంది. తిప్పన్న చెప్పులు వెతుక్కున్నాడు.

మండీలో హమాలీ కుళ్ళాయప్ప ఎదురొచ్చాడు.

"రాప్పా రా! వాన మొగం చాటేసినా నీ బొజ్జ మాత్రం చాటేయలేదు."

ఎప్పటిలాగే నవ్వులు. తిప్పన్న కాటా పలక మీద కుడికాలు పెట్టి, ఎడమకాలు లాక్కున్నాడు. కమ్మీ ఊగి, నూరు దగ్గర నిలిచింది. రైతుల భుజాలు దిగాయి. ఎండెక్కేదాకా మూటలు ఎక్కాయి, దిగాయి. దట్టీ చెమటకు తడిసి నడుముకు ఒరుసుకుంది. కట్టు కింద పుండు సలిపింది. పిక్క రాయిలా బిగిసింది.

మధ్యాహ్నానికి బెళుగుప్ప నుంచి మారెక్క వచ్చింది. ముసలామె. ఏడాది పంటంతా రెండు మూటలు. మొదటి మూట ముప్పై ఒకటి తూగింది. ఆమె కమ్మీ వైపు చూడలేదు, తిప్పన్న ముఖం వైపు చూసింది.

"నలభై ఉంటాదనుకుంటి నాయనా. ఒక్కతూరి ఎక్కి చూపీ."

తిప్పన్న ఎక్కాడు. నూరు.

"అయితే కాయే తరిగినాది," అని ఆమె నిట్టూర్చింది. "చెరువు తరిగినాది, గొడ్లు తరిగినాయి, నేను తరిగితి. తరగనిది నువ్వొక్కనివే. నిన్ను చూస్తే ధైర్యమప్పా."

ఆ మాట దట్టీలోని ఇనుమంతటి కన్నా బరువుగా పడింది. తిప్పన్న కాటా దిగుతూ, ఆమెకు మాత్రమే వినపడేలా అన్నాడు.

"అక్కా, నేనూ తరిగినా. ఇది నా బరువు కాదు."

మారెక్క పళ్లు లేని నోరంతా తెరిచి నవ్వింది. "ముసల్దాన్ని నవ్విస్తావేమప్పా! ఇంగో మూట ఎత్తించు."

రెండో మూట ఇరవై తొమ్మిది. మారెక్క సరేనని బస్సు కోసం అరుగు మీద కూర్చుంది.

తిప్పన్న బస్తాల వెనక్కి పోయి కుళ్ళాయప్పను పిలిచాడు. ముడి విప్పమన్నాడు. చేతికి ఇనుము తగిలి కుళ్ళాయప్ప నోరు తెరిచాడు.

"ఇదేందన్నా?"

"నాలో లేనిది. రేపట్నుంచి కట్టను. తొంభై ఒకటే ఉండానని అందరికీ చెప్తా. ఇష్టముంటే నమ్ముతారు, లేదంటే సర్కారు రాయినే నమ్ముకుంటారు."

"ఊరుకుంటారంటావా?"

"ఊరుకోకపోతే పోనీలే. కాలైనా బాగుపడతాది."

దట్టీ ఊడాక అతను ఒళ్లంతా గాలి తగిలినట్టు ఒక్క ఊపిరి తీసుకున్నాడు. గోనెపట్టల కుప్ప మీద వెనక్కి వాలి, ఎడమకాలు ఒక మూట మీదికి ఎత్తి పెట్టుకున్నాడు. డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు చేయడం అదే మొదటిసారి. "చల్లగా ఉండాదప్పా," అన్నాడు. రెండుసార్లు చిన్నగా దగ్గాడు. ఎదలో ఏదో పట్టినట్టు అరచేత్తో రుద్దుకున్నాడు. కుళ్ళాయప్ప నీళ్ల చెంబు తెచ్చేసరికి ఆ చెయ్యి ఎద మీదే ఉంది, కదలడం లేదు.

"తిప్పన్నా! ఏమప్పా, తిప్పన్నా!"

సాయంత్రం నలుగురు హమాలీలు అతన్ని బండి మీదికి చేర్చడానికి వంగారు. నూరు కిలోలకు నడుములు బిగించి ఎత్తారు. అనుకున్నదానికన్నా తేలిగ్గా లేచాడు. జీవితమంతా మూటలు మోసిన భుజాలవి, వాటిని మాయ చేయడం ఎవరి తరం? నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"నూరు లేడప్పా ఈ మనిషి," అన్నాడు ఒకడు మెల్లగా.

కుళ్ళాయప్ప బస్తాల వెనక నుంచి దట్టీ తెచ్చి కాటా మీద పెట్టాడు. కమ్మీ ఊగి ఊగి తొమ్మిది దగ్గర నిలిచింది. చుట్టూ మూగిన రైతుల్లో ఎవరూ కాటాను తప్పు పట్టలేదు. బస్సు ఎక్కకుండా ఆగిపోయిన మారెక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నాతో చెప్పినాడప్పా. నేనే నవ్వితి."

బండి కదిలింది. ఓబమ్మ ఏడుపు ఆ వీధి చివరి నుంచి ఎదురొచ్చింది. అందరూ అటు నడిచారు. కాటా పలక మీద దట్టీ ఒక్కటే మిగిలింది. చిరిగిన జేబులోంచి తొంగి చూస్తున్న కిలో రాయికి ఒక వైపు తుప్పు, తిప్పన్న ఒంటిని ఒరుసుకున్న రెండో వైపు నున్నటి మెరుపు. దాని మీద అతని చెమట ఇంకా ఆరలేదు.