నలభై కొయ్య తుపాకులు

పొద్దున్నే కాఫీ తాగి అరుగు మీద కూర్చుని కొయ్య చేతపట్టిందంటే, మధ్యాహ్నానికి వెంకటసుబ్బమ్మ నాలుగైదు గరిటెలు చెక్కేస్తుంది. ఉప్పు కాగితంతో నునుపు చేసి, చెక్కపొడి ఊది, ఒక్కోదానికి "అన్నం పెట్టు" అని చెప్పి పక్కన పెడుతుంది. అత్త నేర్పిన అలవాటు. ఆ మాట విన్న గరిటె ఖాళీ కుండలో తిప్పినా వేడి అన్నం తెస్తుంది. ఉదయగిరిలో అందరికీ తెలిసిన సంగతే. వాటిని కొనే వింజమూరు వర్తకుడు మాత్రం పిడి పొట్టిదని ప్రతిసారీ సణుగుతాడు.

ఆ వేసవిలో కొండ మీద కోట దగ్గర సినిమావాళ్లు దిగారు. ఎక్కడిదో యుద్ధం, పిల్లల్ని ఎత్తుకుపోయి సిపాయిల్ని చేసిన కథ. గొర్రెల కాపర్ల పిల్లల్ని నలభై మందిని తీసుకున్నారు. సుబ్బమ్మ మనవరాలు, పదేళ్ల ఇందు, అందులో ఒకతె. జుట్టు కత్తిరించి మగపిల్లాడి వేషం వేశారు. కొయ్య తుపాకుల పని సుబ్బమ్మకే పురమాయించారు. పసిపిల్లల చేతికి తుపాకులేంటని ఆమె మొండికేస్తే, ఉత్తుత్తివేగా అని గొర్రెలు కాసే కొడుకు పెంచలప్రసాద్ ఒప్పించాడు. చెక్కింది. హడావుడిలో ప్రతి తుపాకీకీ పొడి ఊది, అలవాటు కొద్దీ "అన్నం పెట్టు" అనేసింది.

నాలుగో రోజు కొండెక్కి చూస్తే పిల్లల మొహాలు పీక్కుపోయి ఉన్నాయి. మొహంలో ఆకలి కనబడాలని డైరెక్టర్ పొద్దుటినుంచి మంచినీళ్లు తప్ప ఏమీ పెట్టనివ్వలేదట. పెద్దవాళ్లు మాత్రం టెంటు కింద బిరియానీ తింటున్నారు. ఇందు కళ్లలో ఆకలి బ్రహ్మాండంగా పలుకుతోందని మేనేజర్ మాధవ్ ముచ్చటపడుతున్నాడు. ఆరు నెలలు అడవిలో షూటింగుకు తీసుకుపోతానని, బడి వచ్చే ఏడు చూసుకోవచ్చని ఒప్పందం కాగితం చాపాడు. కూతురి పేరు తెర మీద పడుతుందని మురిసిపోతూ పెంచలప్రసాద్ పెన్ను తీశాడు.

సుబ్బమ్మకు ఒళ్లు మండిపోయింది.

"మేం గొర్రెపిల్లను గూడా పస్తు పెట్టం. బిడ్డల్ని మాడ్చి తీసేదేం సినిమా? ఆ కథలో బిడ్డల్ని తోలుకొని పోయినోళ్లు గూడా మీ మాదిరే తియ్యగా మాట్లాడుంటారు."

మాధవ్ ఆమెను షూటింగు చుట్టూ కట్టిన తాడు అవతలికి పంపమని సైగ చేశాడు. కొడుకు తల దించుకున్నాడు గానీ పెన్ను దించలేదు.

యాక్షన్ అన్నారు. నలభై తుపాకులు మొదటిసారి లేచాయి. కొయ్య గొట్టాల మూతుల్లోంచి పొగలు కక్కుతూ అన్నం రాలింది. పిల్లలు చొక్కాలు పట్టి, రాళ్ల మీద కూర్చుని తినసాగారు. డైరెక్టర్ తిట్టి మళ్లీ చేయించాడు. మళ్లీ అన్నమే. కెమెరా మనిషి అద్దానికి అతుక్కున్న మెతుకులు తుడుచుకున్నాడు.

మాధవ్ ఇందు గడ్డం పట్టి ఎత్తి చూశాడు. కడుపు నిండిన పిల్ల బ్రేవుమని తేన్చింది. కళ్లలో ఆకలి జాడే లేదు. ఈ మొహం పనికిరాదని అతనే కాగితం లాక్కుని జేబులో పెట్టుకున్నాడు.

"దాని పేరు పడుండేది గదమ్మా," అన్నాడు కొడుకు.

"నోర్ముయ్‌రా," అంది సుబ్బమ్మ, మనవరాలి చెయ్యి పట్టుకుని కొండ దిగుతూ.

బడులు తెరిచిన రోజు ఇందు అదే పొట్టి జుట్టుతో ఆత్మకూరు హాస్టలుకు బస్సెక్కింది. సుబ్బమ్మ ఇంటికొచ్చి కొడుక్కి అన్నం వడ్డించింది, తాను చెక్కిన గరిటెతో కాదు, బజారులో కొన్న స్టీలు గరిటెతో.