తొమ్మిది వచ్చే తలుపు

మూడు వారాలు మొహం చాటేసిన వాన నిన్న దంచికొట్టింది. మా ఎర్రనేలలో పదను రెండు రోజులే ఆగుతుంది. ఆలోగా వేరుశనగ విత్తకపోతే ఆ ఏటికి బీడే. అందుకే పొద్దున్నే ఉరవకొండ పక్కన మా రైతు సంఘం గోడౌన్ ముందు వందమంది నిలబడ్డారు. విత్తనాలు నిండుగా ఉన్నాయి. ఇవ్వాలంటే కంప్యూటర్లో పేరు చూసి చీటీ తీయాలి. ఆ పేర్లుండే సర్వర్‌ను మొన్ననే కొత్త వెర్షన్‌కు మార్చారు. ఇప్పుడు మా నాలుగు కంప్యూటర్లూ దానికి కనెక్ట్ కావడం లేదు. మార్చి వెళ్లిన ఇంజినీరు ఫోన్ స్విచాఫ్.

వరుసలో మొదట ఆంజినమ్మ. పోయినేడు పదను తప్పి ఐదెకరాలూ బీడు పెట్టుకున్న మనిషి.

"ఏమ్మా సునందా, రేపు మధ్యాన్నానికి నేల ఆరిపోతాది. నీ మిషనుకు ఏమొచ్చినాది?"

"చూస్తాండానక్కా" అన్నాను. నాకు ఏడుపొక్కటే తక్కువ. నేను ఉత్త ఆపరేటర్ని.

నెట్ ఉంది. సర్వర్ నడుస్తోంది, పిలిస్తే పలుకుతోంది. పాస్‌వర్డ్ దాకా పోనే పోవడం లేదు. ఇక మిగిలింది పోర్టు నంబరు, అంటే సర్వర్ ఇంటికి మేం తట్టే తలుపు. మా కంప్యూటర్లలో అది 5432. ఏళ్లుగా ఉన్నదాన్ని ఎవరు మారుస్తారు అనుకుంటూ కిటికీలోంచి చూశాను. మేనేజర్ హరినాథ్ సారు బండి కనిపించింది. 4536. కూడితే తొమ్మిది. ఆ నంబరు కోసం ఆయన ఆరు నెలలు ఆగారు. సారు ఫోన్ నంబరు కూడినా తొమ్మిదే.

ఒళ్లు మండి సారు గదిలోకి పోయాను.

"సార్, ఇంజినీరుతో ఏమన్నా నంబరు మార్పించినారా?"

సారు గొంతు సవరించుకున్నారు. "పాతది కూడితే ఐదొస్తాండాదమ్మా. కొత్త సర్వరు కదా, 5436 పెట్టమంటి."

"మాకు చెప్పొద్దా?"

"మంచి పని ముందే చెప్తే దిష్టి తగుల్తాదని..."

ఇంటికి కొత్త వాకిలి పెట్టుకుని, మమ్మల్ని పాత గోడ తట్టమన్నాడు మహానుభావుడు! నాలుగు కంప్యూటర్లలోనూ రెండు తీసి ఆరు కొట్టాను. పేర్లు జలజలా దిగాయి. ప్రింటరు కర్రుమంది. బయట వందమందీ ఈలలేసి అరిచారు. మొదటి చీటీ ఆంజినమ్మదే.

సాయంత్రానికి గోడౌన్ ఖాళీ.

"చూస్తివా, తొమ్మిది కలిసొచ్చె" అన్నారు సారు. పోనీలే పాపం అనుకుని కంప్యూటర్లు కట్టేశాను.

మర్నాడు పదింటికి ఆంజినమ్మ ఫోన్ చేసింది. వెనక ఎద్దుల్ని అదిలిస్తున్న కేకలు.

"సునందా, విత్తనమంతా పడినాది. కాలికింద మన్ను ఇంకా సల్లగానే ఉండాది పాపా!"

"గెలిచినామక్కా!" అని గట్టిగా అరిచాను. ఎదురుగా కూర్చున్న సారు ఉలిక్కిపడి టీ ఒలకబోసుకున్నారు.